మెడ దగ్గరి డయాలసిస్ గొట్టానికి ఇన్ఫెక్షన్ వస్తే: చలిజ్వరం మొదలైన దగ్గర్నుంచి ఏం చేయాలి

మిషన్ ఎక్కిన అరగంటకో గంటకో ఒళ్లంతా వణుకు మొదలవుతుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతూనే ఉంటాయి. తర్వాత ఒళ్లు కాలిపోతుంది. ఇంటికి చేరేసరికి చెమట పట్టి జ్వరం దిగిపోతుంది. "తగ్గిపోయిందిలే" అని ఊరుకుంటారు. రెండు రోజుల తర్వాత మళ్లీ మిషన్ ఎక్కగానే అదే వణుకు.

మెడ దగ్గర గానీ గజ్జలో గానీ డయాలసిస్ క్యాథెటర్ (గొట్టం) ఉన్న మనిషికి ఇలా వస్తే, వేరే కారణం తేలేదాకా అది గొట్టం నుంచి రక్తంలోకి దిగిన ఇన్ఫెక్షనే అనుకుని కదలాలి. ఎందుకు మిషన్ మీదే వణుకు వస్తుందంటే, గొట్టం లోపలి గోడకు అంటుకుని ఉన్న క్రిములు రక్తం వేగంగా పారగానే కొట్టుకుపోయి ఒక్కసారిగా ఒంట్లోకి చేరతాయి.

ఉదయగిరి, ఆత్మకూరు, కనిగిరి, పామూరు వైపు నుంచి వారానికి రెండు మూడుసార్లు తెల్లవారుజామున బస్సెక్కి నెల్లూరుకో ఒంగోలుకో దగ్గర్లోని డయాలసిస్ సెంటర్‌కో వెళ్లి వచ్చే వాళ్లకు, వాళ్ల వెంట ఉండే ఇంటివాళ్లకు ఇది రాస్తున్నాం. మొత్తం చదివే ఓపిక లేకపోయినా ఒక్క మాట గుర్తుంచుకోండి: మొదటి యాంటీబయాటిక్ ఒంట్లో పడకముందే, రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీయించాలి. ఊళ్లో వేయించుకున్న ఒక్క ఇంజెక్షన్, ఏ క్రిమో తేలకుండా చేసి, ఆ తర్వాత చేయాల్సిన వైద్యాన్నంతా గుడ్డివైద్యం చేసేస్తుంది.

ముందు మీ గొట్టం ఏ రకమో తెలుసుకోండి

మెడ మీద చర్మంలోంచి నేరుగా సిరలోకి దూరి, బయట కుట్లతో బిగించి ఉంటే అది తాత్కాలిక క్యాథెటర్. దాన్ని రెండు వారాలకు మించి ఉంచకూడదు. గజ్జలో వేసింది అయితే ఇంకా తక్కువ, ఐదు రోజులు దాటనివ్వకూడదు. అది ఉన్నన్నాళ్లూ రోగి ఆసుపత్రి మంచం మీదే ఉండాలి. గజ్జలో గొట్టంతో ఇంటికి పంపుతామంటే ఒప్పుకోకండి. మూత్రం, చెమట, లుంగీ ముడి, బస్సులో కూర్చున్నప్పటి మడత, అన్నీ అక్కడే కలుస్తాయి.

రెండోది పర్మ్‌క్యాత్. ఇది మెడలోని సిరలోంచి మొదలై, చర్మం కింద సొరంగంలా కొంత దూరం నడిచి, ఛాతీ మీద బయటికి వస్తుంది. చర్మం కింద దాని చుట్టూ చిన్న గుడ్డ పట్టీ లాంటి కఫ్ ఉంటుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో కండ ఆ కఫ్‌లోకి అల్లుకుని గొట్టాన్ని పట్టుకుంటుంది, బయటి క్రిములకు అడ్డుగోడ అవుతుంది. అందుకే మొదటి నెల రోజులు గొట్టం లాగుడు పడకుండా చూసుకోవాలి. కఫ్ బయటికి కనబడుతోందంటే ఆ గోడ పోయినట్టే. లోపలికి నెట్టకుండా శుభ్రమైన గాజుగుడ్డ కప్పి సెంటర్‌కి వెళ్లండి.

బయట వేలాడే రెండు కొమ్మల్లో ఎర్ర రంగుది రక్తం బయటికి తీసేది, నీలం రంగుది తిరిగి పంపేది. ఒక్కోదానికీ ఒక బిగింపు క్లాంపు, చివర ఒక మూత ఉంటాయి. క్లాంపు మీదో కొమ్మ మీదో చిన్న అంకె రాసి ఉంటుంది, ఒకటిన్నర, రెండు మి.లీ. లాంటిది. డయాలసిస్ అయ్యాక గడ్డ కట్టకుండా లోపల నింపే హెపారిన్ లెక్క అది.

క్రిములు రావడానికి రెండు దారులు. ఒకటి, గొట్టం చర్మంలోంచి బయటికొచ్చే రంధ్రం దగ్గర నుంచి, పైపు వెంబడి లోపలికి. రెండోది, మూత తీసి మిషన్‌కి తగిలించే హబ్ లోంచి, గొట్టం లోపలి వైపు. చాలా రోజులుగా ఉన్న గొట్టాల్లో ఎక్కువగా జరిగేది రెండోదే. పైన చర్మం అద్దంలా ఉన్నా రక్తంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చని దీని అర్థం. "పుండు లేదు, చీము లేదు, కాబట్టి గొట్టం మంచిదే" అనే మాట నమ్మొద్దు.

లోపలికి చేరిన క్రిములు ఓవర్‌హెడ్ ట్యాంకు పైపులో పాకుడు పట్టినట్టు గోడకు జిగురు పొరలా అతుక్కుంటాయి. యాంటీబయాటిక్ రక్తంలో తిరిగే క్రిములను చంపుతుంది గానీ ఆ పాకుడు పొరలోకి సరిగా చొరబడలేదు. మందు వాడినన్నాళ్లు బాగుండి, ఆపగానే జ్వరం తిరగబెట్టడానికి కారణం ఇదే.

ఏం చూడాలి, ఎక్కడ నొక్కాలి

డ్రెస్సింగ్ మార్చే ప్రతిసారీ సెంటర్‌లోనే, పగటి వెలుతురులో, ఫోన్‌తో ఒక ఫోటో తీయించుకోండి. ఒకే దూరం నుంచి, ఒకే కోణంలో తీయాలి. పోయిన వారం ఫోటో పక్కన పెట్టి చూస్తే ఎరుపు పెరిగిందో లేదో ఇట్టే తెలుస్తుంది. నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా కనబడదు. అక్కడ వాపు, వేడి, నిగనిగలాడటం, ముట్టుకుంటే నొప్పి, వీటిని నమ్ముకోండి.

రంధ్రం చుట్టూ రెండు సెంటీమీటర్ల లోపు, అంటే ఒక వేలి వెడల్పు మేర, ఎరుపు, వాపు, నొప్పి, రసి ఉంటే అది రంధ్రం దగ్గరి ఇన్ఫెక్షన్. అది రెండు సెంటీమీటర్లు దాటి సొరంగం వెంబడి మెడ వైపు పాకితే సొరంగం ఇన్ఫెక్షన్. దీన్ని సిస్టర్ గానీ డాక్టరు గానీ గ్లవ్స్ వేసుకుని పరీక్షించాలి. మెడ వైపు నుంచి ఛాతీ వైపుకు సొరంగం మీద వేలితో మెల్లగా నొక్కుకుంటూ రావాలి. నొక్కినప్పుడు రంధ్రం దగ్గర చీము చుక్క ఊరితే వేరే రుజువు అక్కర్లేదు. ఇంట్లో మీరు నొక్కి చూడకండి.

జ్వరం లేకపోయినా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. కిడ్నీ జబ్బులో ఒంటి వేడి కాస్త తక్కువగానే ఉంటుంది. ముసలివాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో మొదటి గుర్తు జ్వరం కాకుండా మరొకటి కావచ్చు. మామూలుగా మిషన్ మీద బీపీ నిలబడే మనిషికి పడిపోవడం, పొంతన లేని మాటలు, అన్నం వద్దనడం, నిద్రమత్తు లాంటివి. చంకలో థర్మామీటర్ 99.5 చూపించినా, మనిషి మాటలు తేడాగా ఉంటే మీ కళ్లనే నమ్మండి.

ఒకే షిఫ్టులో ఇద్దరు ముగ్గురు ఒకేసారి వణికితే సంగతి వేరు. అప్పుడు ఆర్‌ఓ (శుద్ధిచేసిన) నీళ్లనో, తిరిగి వాడే డయలైజర్ (రక్తాన్ని వడకట్టే డబ్బా) శుభ్రతనో అనుమానించాలి. ఆ పూట మిషన్లు ఆపి నీళ్లు పరీక్షకు పంపాల్సింది సెంటర్. అయినా మీ రక్తం కల్చర్‌కి తీయాల్సిందే.

జ్వరం వచ్చిన గంటలో

ఇంట్లో ఉండగా జ్వరం వస్తే ముందు థర్మామీటర్ పెట్టి అంకె, టైమ్ కాగితం మీద రాయండి. పారాసిటమాల్ మాత్ర వేసుకోవడం ఆ తర్వాతే. అది వేసుకుంటే తప్పు లేదు గానీ, జ్వరం దిగింది కదా అని ప్రయాణం ఆపకండి. 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, జ్వరం లేకుండా చలి వణుకు ఒక్కసారి వచ్చినా, సెంటర్‌కి ఫోన్ చేసి అదే రోజు వెళ్లాలి. తర్వాతి డయాలసిస్ ఎల్లుండే కదా అని ఆగకూడదు. అర్ధరాత్రి అయితే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఇరవై నాలుగు గంటలూ డాక్టర్లుంటారు. మనిషి మత్తుగా ఉన్నా, చేతులు చల్లబడినా, ఆయాసపడుతున్నా, పై బీపీ 90 కన్నా తగ్గినా ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఊళ్లో చేయించుకోకూడని పనులు మూడున్నాయి, మూడూ ప్రతిరోజూ జరిగేవే.

మొదటిది, జ్వరానికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్. కారణం పైన చెప్పాం. పైగా జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి కిడ్నీ రోగికి లెక్క తప్పి వేస్తే వినికిడి పోవచ్చు, పోయింది తిరిగి రాదు. రెండోది, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్. రోజుకు ఒక గ్లాసు మూత్రమైనా వస్తోందంటే అది ఆ మనిషికి పెద్ద ఆస్తి. ఈ ఇంజెక్షన్ దాన్నీ పోగొట్టగలదు. మూడోది, "చేతికి నరం దొరకడం లేదు, మెడ దగ్గర లైను ఉందిగా" అని డయాలసిస్ గొట్టానికే సెలైన్ తగిలించడం. ఇందులో రెండు ప్రమాదాలు. హబ్ తెరిచిన ప్రతిసారీ క్రిములకు దారి ఇచ్చినట్టే. పైగా లోపల నిలవ ఉన్న చిక్కటి హెపారిన్‌ని ముందు లాగేయకుండా మందు ఎక్కిస్తే అదంతా ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లి రక్తస్రావం అవుతుంది. ఆ గొట్టం డయాలసిస్‌కి మాత్రమే. ప్రాణం మీదికి వచ్చి వేరే దారి లేనప్పుడు తప్ప ఎవరినీ తెరవనివ్వకండి.

ఇప్పటికే ఇంజెక్షన్ పడి ఉంటే దాచకండి. తిడతారని చెప్పకపోతే నష్టం మీకే. ఖాళీ సీసా గానీ దాని ఫోటో గానీ, వేసిన టైమ్ గానీ చూపిస్తే కల్చర్ రిపోర్టును ఎలా చదవాలో డాక్టరుకు తెలుస్తుంది.

బ్లడ్ కల్చర్ సరిగా తీస్తున్నారో లేదో

ఈ ఒక్క పని దగ్గర ఇంటివాళ్లు పక్కనే నిలబడి చూడటం మంచిది. కావాల్సింది రెండు జతల రక్తం. ఒకటి గొట్టం నుంచి, ఇంకొకటి చేతి సిర నుంచి. పది పదిహేను నిమిషాల తేడాలో రెండూ తీయాలి. పెద్దవాళ్లకైతే ఒక్కో సీసాలో 8 నుంచి 10 మి.లీ. పడాలి. రెండు మి.లీ. పోసి పంపితే క్రిమి ఉండి కూడా దొరక్కపోవచ్చు. గొట్టం సీసాలోనూ చేతి సీసాలోనూ రక్తం సమానంగా ఉండాలి, లేకపోతే రెండింటి టైములను పోల్చడం కుదరదు.

చేతి నుంచి తీసేటప్పుడు అరచేతి వెనక వైపు సిర తీసుకోమనండి. ముంజేయి, మోచేతి సిరలు రేపటి ఫిస్టులాకు (డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరకు కలిపే ఆపరేషన్) దాచుకోవాల్సినవి. ఎక్కడా దొరక్కపోతే, డయాలసిస్ నడుస్తుండగా మిషన్ లైన్ లోంచి రెండో శాంపిల్ తీసుకోవచ్చు. అసలు తీయకుండా వదిలేయడం కన్నా అది ఎంతో మేలు.

చర్మాన్ని ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, ఆరేదాకా ఆగాలి. తడి మీద సూది గుచ్చితే చర్మం మీది క్రిములు సీసాలోకి పోయి లేని రోగం ఉన్నట్టు చూపిస్తాయి. సీసా ప్లాస్టిక్ మూత తీశాక కింద కనబడే రబ్బరు బిరడా శుభ్రంగా ఉండదు. దాన్నీ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. సీసా మీద పేరుతో పాటు "క్యాథెటర్" అనో "చేయి" అనో, తీసిన టైమూ రాయాలి. ఇది రాయకపోతే రెండు సీసాలు తీసిన శ్రమంతా వృథా.

చిన్న ఊళ్లలోని సెంటర్ల నుంచి సీసాలు నెల్లూరుకో ఒంగోలుకో చెన్నైకో వెళ్తాయి. దారిలో గది వేడిలోనే ఉండాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఐస్ డబ్బాలో పెట్టకూడదు. మండుటెండలో కారు అద్దం ముందు కూడా పెట్టకూడదు.

రిపోర్టులో చూడాల్సింది టైమ్. గొట్టం సీసాలో క్రిమి, చేతి సీసా కన్నా కనీసం రెండు గంటలు ముందుగా పెరిగితే మూలం గొట్టమేనని గట్టి రుజువు. క్రిమి ఉంటే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్ మొదటి కబురు చెబుతుంది. ఏమీ పెరగలేదని చెప్పడానికి మాత్రం ఐదు రోజులు ఆగుతారు. మొదటి కబురు ఫోన్‌లో రావాలి, కాగితం వచ్చేదాకా ఆగకూడదు. కాబట్టి ల్యాబ్‌కి ఎవరి నంబరు ఇచ్చారో అడిగి తెలుసుకోండి.

రంధ్రం దగ్గర చీము ఉంటే దాన్ని కూడా స్వాబ్‌తో కల్చర్‌కి పంపాలి. అలాగే జ్వరానికి ఇంకేదైనా కారణం ఉందా అని ఛాతీ ఎక్స్‌రే, మూత్రం వచ్చేవాళ్లకు మూత్ర పరీక్ష, మలేరియా, కాళ్ల పుండ్లు చూడటం కూడా అవసరమే.

మందులు ఎలా నడుస్తాయి

రక్తం తీశాక ఇక ఆలస్యం వద్దు, రిపోర్టు కోసం మందు ఆపకూడదు. ఇక్కడి లెక్కలు మీరు వేసుకోవడానికి కాదు, జరుగుతున్నది అర్థం చేసుకుని అడగడానికి.

మొదట ఏ క్రిమో తెలియదు కాబట్టి రెండు రకాలనూ కొట్టే మందులు వేస్తారు. చర్మం మీదుండే స్టాఫిలోకాకస్ జాతికి వాంకోమైసిన్. పేగుల్లో, నీళ్లలో ఉండే గ్రామ్ నెగటివ్ జాతికి సెఫ్టాజిడిమ్ లాంటి ఇంకొక మందు. రెండోది ఆ ఆసుపత్రిలో ఏ మందుకు క్రిములు లొంగుతున్నాయో చూసి నిర్ణయిస్తారు. వాంకోమైసిన్ మొదటి మోతాదు బరువును బట్టి, కేజీకి 20 నుంచి 25 మి.గ్రా. అంటే 60 కేజీల మనిషికి 1200 నుంచి 1500 మి.గ్రా. తర్వాత ప్రతి డయాలసిస్ చివర్లో మామూలుగా 500 మి.గ్రా., రక్తంలో మందు మట్టం చూసి పెంచడం తగ్గించడం చేస్తారు. గ్రాముకు కనీసం గంట చొప్పున మెల్లగా ఎక్కించాలి. హడావిడిగా ఎక్కిస్తే మెడ, ముఖం ఎర్రబారి దురద పుట్టి బీపీ పడుతుంది. అది మందు పడకపోవడం కాదు, వేగం ఎక్కువవడం. "నాకు ఆ మందు ఎలర్జీ" అని రాయించుకుంటే రేపు పనికొచ్చే మందు చేజారిపోతుంది.

డయాలసిస్‌తో పాటే మందు ఎక్కించడంలో పెద్ద లాభం, రోజూ చేతికి సూది అక్కర్లేదు. మరి దానికి తగ్గ జాగ్రత్త కూడా ఉంది. ఒక డయాలసిస్ మానితే ఒక మోతాదు మందు కూడా మానినట్టే. ఈ వారాల్లో పెళ్లిళ్లు, తిరునాళ్లు పక్కన పెట్టండి.

రిపోర్టు వచ్చాక మందు మార్చాలి. స్టాఫ్ ఆరియస్ (స్టాఫిలోకాకస్ జాతిలో ప్రమాదకరమైన రకం) వచ్చి, అది మెథిసిలిన్ అనే మందు‌కి లొంగే రకమైతే వాంకోమైసిన్ ఆపి సెఫజోలిన్‌కి మారాలి. డయాలసిస్ అయ్యాక కేజీకి 20 మి.గ్రా. చొప్పున ఇస్తారు. ఇది చవకైన, పాత మందే, కానీ ఆ క్రిమిని వాంకోమైసిన్ కన్నా బాగా చంపుతుంది. "పెద్ద మందు నడుస్తోంది కదా, ఎందుకు మార్చడం" అని అడ్డుపడకండి.

ఎన్నాళ్లు వాడాలనేది క్రిమిని బట్టి ఉంటుంది. గ్రామ్ నెగటివ్ క్రిములకు, చర్మం మీది మామూలు స్టాఫ్‌కి పది నుంచి పద్నాలుగు రోజులు. స్టాఫ్ ఆరియస్‌కి నాలుగు నుంచి ఆరు వారాలు, గుండె కవాటాలు బాగున్నాయని తేలిన కొందరికి తక్కువ. క్యాండిడా అనే ఫంగస్ అయితే గొట్టం తీసి, కల్చర్ శుభ్రంగా వచ్చిన రోజు నుంచి రెండు వారాలు. ఎముకకు పాకితే ఆరు నుంచి ఎనిమిది వారాలు.

స్టాఫ్ ఆరియస్ పేరు వినగానే గుండె ఎకో అడగండి, వీలైతే గొంతులోంచి చేసే ఎకో. ఈ క్రిమి గుండె కవాటం మీద, వెన్నుపూసల మధ్య, కీళ్లలో గూడు కడుతుంది. జ్వరం తగ్గాక రెండు మూడు వారాలకు కొత్తగా నడుం నొప్పి మొదలై, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకపోతే బామ్ రాసుకుని పడుకోకండి. డాక్టరుకు "నాకు గొట్టం ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గింది" అన్న మాట ముందు చెప్పి, తర్వాత నొప్పి సంగతి చెప్పండి. వెన్నుకు ఎమ్మారై తీయాల్సిన నొప్పి అది.

గొట్టం తీయాలా, ఉంచొచ్చా

ఇంటివాళ్లు ఎక్కువగా తటపటాయించేది ఇక్కడే. గొట్టానికి డబ్బు పెట్టాం, వేసేటప్పుడు మనిషి బాధపడ్డాడు, మళ్లీ నరం దొరుకుతుందో లేదో అని భయం. ఆ భయం అబద్ధం కాదు. కానీ కొన్నిచోట్ల బేరం లేదు. తాత్కాలిక గొట్టం అయితే తీసేయాలి. సొరంగం ఇన్ఫెక్షన్ అయితే తీసేయాలి. బీపీ నిలబడకపోతే తీసేయాలి. స్టాఫ్ ఆరియస్, సూడోమోనాస్, క్యాండిడా వస్తే తీసేయాలి. సరైన మందు పడుతున్నా 48 నుంచి 72 గంటల తర్వాత కూడా జ్వరం ఉన్నా, కల్చర్‌లో క్రిమి వస్తున్నా తీసేయాలి. గుండెకో ఎముకకో పాకిందని తేలితే చెప్పనే అక్కర్లేదు.

ఇవేవీ లేకుండా, రెండు మూడు రోజుల్లో జ్వరం పూర్తిగా తగ్గి, రంధ్రం సొరంగం బాగుంటే రెండు దారులున్నాయి. తీగ సాయంతో అదే దారిలో పాతది తీసి కొత్తది వేయడం ఒకటి. పాతదాన్నే ఉంచి, ప్రతి డయాలసిస్ తర్వాత హెపారిన్‌తో పాటు యాంటీబయాటిక్ కలిపి గొట్టంలో నిలవ ఉంచడం రెండోది, దీన్ని లాక్ అంటారు. లాక్ ఒంటికి ఎక్కించే మందుకు తోడే గానీ దానికి బదులు కాదు. గ్రామ్ నెగటివ్ క్రిముల్లో ఇది బాగా పనిచేస్తుంది. స్టాఫ్ ఆరియస్‌లో దాదాపు సగం సార్లు విఫలమవుతుంది, అందుకే అక్కడ వద్దంటున్నాం.

రంధ్రం దగ్గర మాత్రమే కాస్త ఎరుపుండి, జ్వరం లేకపోతే డాక్టరు చెప్పిన పూత మందుతో, అవసరమైతే ఒకటి రెండు వారాల యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది. పూత మందు షాపులో మీరే కొనకండి. కొన్ని ఆయింట్‌మెంట్లలో ఉండే పాలీఇథిలీన్ గ్లైకాల్, పాలీయురేథేన్ గొట్టాలను మెత్తబరిచి పగిలేలా చేస్తుంది. పసుపు, విభూది, కొబ్బరినూనె, వేపాకు నూరినది, ఏదీ దాని దగ్గరికి రాకూడదు.

గొట్టం తీశాక, కల్చర్ శుభ్రంగా వచ్చి 48 నుంచి 72 గంటలు గడిస్తే కొత్తది వేస్తారు. ఈ మధ్యలో రెండు మూడు రోజులు డయాలసిస్ ఉండకపోవచ్చు. నీరసంగా ఉన్నాడని ఇంట్లోవాళ్లు ప్రేమతో కొబ్బరి నీళ్లు, బత్తాయి రసం, అరటిపండు తెచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే. వాటిలోని పొటాషియం డయాలసిస్ లేని మనిషి గుండెను ఆపగలదు. చూడటానికి వచ్చే చుట్టాలకు ముందే చెప్పండి. నీళ్లు డాక్టరు చెప్పిన కొలతే. ఆయాసం వచ్చినా, కండరాలు పట్టు తప్పుతున్నట్టు అనిపించినా వెంటనే చెప్పాలి. అవసరమైతే గజ్జలో తాత్కాలిక గొట్టం వేసి ఒక డయాలసిస్ చేసి తీసేస్తారు.

మూత తెరిచే ఆ రెండు నిమిషాలు

ఇన్ఫెక్షన్ రావడమో రాకపోవడమో ఎక్కువగా తేలిపోయేది హబ్ తెరిచేటప్పుడే. ఎలా జరగాలో తెలిస్తే మీరు గమనించగలరు.

ఫ్యాను ఆపాలి. సిస్టర్‌కి, రోగికి ఇద్దరికీ మాస్కు ఉండాలి, రోగి ముఖం అవతలికి తిప్పుకోవాలి. స్టాఫ్ ఆరియస్ చాలామందికి ముక్కులోనే కాపురం ఉంటుంది. చేతులు కడిగి, కొత్త గ్లవ్స్ వేసుకుని, కొమ్మల కింద శుభ్రమైన గుడ్డ పరచాలి. క్లాంపులు బిగించి ఉన్నాయని చూశాకే మూత తీయాలి, లేకపోతే గాలి లోపలికి పోతుంది. మూత తీయగానే హబ్ మరల మీద, అంచు మీద, పక్కల మీద కొత్త ఆల్కహాల్ లేదా క్లోర్‌హెక్సిడిన్ ప్యాడ్‌తో పదిహేను సెకన్లు గట్టిగా రుద్దాలి. ఎండిన రక్తపు మరక ఒక్కటి కూడా మరల్లో మిగలకూడదు, క్రిములకు అదే తిండి. ఒక్కో కొమ్మకు ఒక్కో ప్యాడ్. తర్వాత ఆరనివ్వాలి, ఊదకూడదు. తెరిచిన హబ్‌ని గాలికి వదిలి ఇంకొకరి మిషన్ అలారం చూడటానికి వెళ్లకూడదు. డయాలసిస్ అయ్యాక విప్పేటప్పుడు కూడా ఇదంతా మళ్లీ చేయాలి, పాత మూత కాకుండా కొత్త మూత పెట్టాలి.

షిఫ్టు మారే గంటలో, నలుగురిని ఒక్కరే ఎక్కించే హడావిడిలో, జారిపోయేది ఆ పదిహేను సెకన్లే. "అన్నా, ఒక్కసారి ఇది కూడా రుద్దు" అని మెల్లగా అడగండి. మంచి టెక్నీషియన్ దానికి నొచ్చుకోడు.

డ్రెస్సింగ్ గాజుగుడ్డదైతే ప్రతి డయాలసిస్‌కీ, పారదర్శకమైన ప్లాస్టిక్‌దైతే వారానికోసారి మార్చాలి. తడిసినా, అంచు లేచినా, రక్తం కనబడినా అప్పుడే మార్చాలి. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండకు ప్లాస్టిక్ కింద చెమట నిలిచిపోతుంది. ఆ ఎండ రోజుల్లో గాజుగుడ్డే నయం.

ఇంట్లో

తలమీద నుంచి స్నానం వద్దు. నడుం కింద మాత్రమే నీళ్లు పోసుకుని, పైభాగం తడి గుడ్డతో తుడుచుకోండి. తల కడగాలంటే మంచం అంచు మీద వెల్లకిలా పడుకుని తల వెనక్కి వేలాడేసి ఇంకొకరితో కడిగించుకోండి, మెడ చుట్టూ పొడి తువ్వాలు, డ్రెస్సింగ్ మీద ప్లాస్టిక్ కప్పు ఉండాలి. మైపాడు, కొత్తపట్నం సముద్ర స్నానాలు, పెన్నలో మునకలు, రొయ్యల గుంటల్లో దిగడం, ఏవీ వద్దు. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి వెళ్తే మీరు గట్టు మీదే కూర్చోండి. స్వర్ణాల చెరువులో దిగి రొట్టె పట్టుకొచ్చే పని ఇంటివాళ్లది.

ముందు గుండీలున్న చొక్కా వేసుకోండి, తలమీంచి తీసే బనియన్లు గొట్టాన్ని లాగుతాయి. తాళి, గొలుసు గొట్టం మీద పడకుండా రెండో వైపుకు పిన్నుతో పెట్టుకోండి. గొట్టం దగ్గర కత్తెర, బ్లేడు వాడకండి.

మూత ఊడిపడితే పడింది తిరిగి పెట్టకండి. క్లాంపు బిగించి, గొట్టం చివర శుభ్రమైన గాజుగుడ్డ చుట్టి, వెంటనే సెంటర్‌కి వెళ్లండి. గొట్టమే ఊడి వచ్చేస్తే మనిషిని పడుకోబెట్టి, రంధ్రం మీద, దాని పైన మెడ దగ్గర, గుడ్డ పెట్టి కదలకుండా ఇరవై నిమిషాలు గట్టిగా ఒత్తి పట్టుకోండి. తీసి తీసి చూడకండి. 108 పిలవండి.

తగ్గాక

యాంటీబయాటిక్ కోర్సు అయిపోయి, పాత గొట్టమే ఉంచి ఉంటే, ఒక వారం ఆగి మళ్లీ బ్లడ్ కల్చర్ చేయించాలి. మనిషి బాగున్నాడని ఇది ఎక్కువగా మర్చిపోతారు. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ రాయించుకోండి. ఇంకొక చిన్న కార్డు మీద గొట్టం వేసిన తేదీ, రకం, వచ్చిన క్రిమి పేరు, వాడిన మందు, చివరి మోతాదు తేదీ రాసి జేబులో పెట్టుకోండి. సెంటర్ మారినా, ఊరు మారినా అది మీ వెంట ఉండాలి.

ఇక ఫిస్టులా. చేతిలో ధమనిని సిరకు కలిపే ఆపరేషన్‌కి గొట్టంతో పోలిస్తే ఇన్ఫెక్షన్ చాలా తక్కువ. ఆపరేషన్ చేశాక సూది పట్టేంత గట్టిపడటానికి ఆరు వారాల నుంచి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకని గొట్టం వేసిన వారంలోనే ఆ మాట ఎత్తండి. ఆ చేతికి బీపీ పట్టీ, రక్తం తీయడం, సెలైన్ వద్దని అందరికీ చెప్పండి. ఫిస్టులా నుంచి రెండు సూదులతో వరసగా కొన్ని డయాలసిస్‌లు సరిగా నడిచాక "మళ్లీ అవసరం పడుతుందేమో, ఉండనీ" అని గొట్టాన్ని వదిలేయకండి. దాన్ని ఏ రోజు తీస్తారో ఆ వారమే డాక్టరును అడిగి తేదీ పెట్టించుకోండి.